కోళ్ళ షెడ్డులో శుక్రవారం

గంట టైమిచ్చారు. పన్నెండయ్యేలోపు ఆ కాగితం మీద సంతకం పెడితే షెడ్డు ఫెర్రూజాదే. గోడలూ పైన రేకులూ తాళంచెవీ అన్నీ ఆమెవే, కోళ్ళు పెంచుకున్నా సరే, గడ్డి నింపుకున్నా సరే, ప్రార్థన మాత్రం ఇక అందులో జరగకూడదు. పెట్టకపోతే తలుపుకి గొలుసేసి, ఎర్ర లక్క ముద్ర కొట్టేసి పోతారు. ఆ మాట చెప్పిన పోలీసు అధికారి గట్టిగా అరవనైనా అరవలేదు. టోపీ చంకలో పెట్టుకుని, "అమ్మా" అని పిలిచి మరీ చెప్పాడు, అదే ఆమెకు ఇబ్బందయింది, అరిచుంటే తనూ అరిచుండేది. మొదటి పాట అప్పుడే పూర్తయింది, జనం ఇంకా కూర్చోను కూడా కూర్చోలేదు. కాగితమంతా అరబ్బీలో ఉంది. ప్రార్థన నడిపించే మెజియాన్, తీజీ ఊజూ పట్నం స్కూల్లో లెక్కల మేష్టారు, కళ్ళజోడు సర్దుకుని ఒక్కో వాక్యమే తమ కొండభాష కబైలీలోకి మార్చి ఆమెకు చెప్పాడు, పిల్లలకు లెక్క విడమరిచినట్టు. చివర, "ఇది మీ ఆస్తి ఫెర్రూజక్కా, అరెజ్కీ అన్న కట్టింది. మీరేం చేసినా మాలో ఒక్కరూ ఒక్క మాట అనరు" అన్నాడు. "అనరులే, అనుకుంటారు" అంది ఫెర్రూజా, ఆ కంగారులోనూ ఇద్దరు ముగ్గురు నవ్వారు. "మీరంతా కాసేపు బయట నిలబడండి. నన్నిక్కడ ఒక్కదాన్నే కూర్చోనివ్వండి" అంది. నలభై మందీ తలుపు దాటి అత్తి చెట్ల కిందికి వెళ్ళిపోయారు. తలుపు సగం తెరిచే వదిలేసి మూడో వరసలో కిటికీ పక్క కుర్చీలో కూలబడింది.

ఎంత పెద్దగా ఉందో, ఖాళీగా ఉంటే. జనంతో ఉన్నప్పుడు ఇరుకుగా, చెమటగా, ఎవరి పిల్లో ఏడుస్తూ ఉండే చోటు, ఇప్పుడు ఈ చివర దగ్గితే ఆ చివర వినబడేలా ఉంది. ఖాళీగా దీన్ని చూసి ఎన్నేళ్ళయిందో. మొదటిసారి చూసినప్పుడు గోడలు నడుమెత్తు కూడా లేవు, మొగుడు అరెజ్కీ చొక్కా విప్పేసి సిమెంటు ఇటుకలు పేరుస్తున్నాడు. కంచరగాడిద వాగు దగ్గర్నుంచి ఇసుక మోస్తోంది, తనేమో పెళ్ళయి ఏడాది కూడా కాలేదు, నడుముకి చారల గుడ్డ బిగించి నీళ్ళ డబ్బా నెత్తిన పెట్టుకుని ఆ వాలు ఎక్కుతుంటే, "ఒలక్కుండా తెస్తే నీకో గది ఎక్కువ కడతా" అన్నాడు. "కోళ్ళకి గది కట్టి నాకు ఆశ పెడతావేం" అంది తను. ఆ రోజు కొండ మీద మంచు ఇంకా కరగలేదు, ఎండ మాత్రం వీపు మీద వెచ్చగా ఉంది. ఇప్పుడీ కిటికీలోంచి చూస్తే అదే కొండ, మంచు లేదు, ఎండ అలాగే ఉంది. ఆ మనిషి ఇటుక ఇటుకకీ తాపీతో రెండుసార్లు తట్టేవాడు, నిద్రపోతున్న పిల్లని జోకొట్టినట్టు. ఎందుకలా తడతావంటే, కూర్చోవాలి కదా అది, అనేవాడు. కూర్చుంది. నలభై అయిదేళ్ళుగా కూర్చునే ఉంది. ఎవరో వచ్చి దానికి గొలుసు వేస్తారట.

కోడిపిల్లలు అట్టపెట్టెల్లో వచ్చేవి, పెట్టెకి వంద. మూతలు తీస్తే పసుప్పచ్చటి గోల. రంపపు పొట్టు మీద వదిలితే అన్నీ ఒకేసారి గ్యాసు పొయ్యి వెచ్చదనం వైపు పరుగెత్తేవి, నీళ్ళు ఒలికితే ఎటు పల్లమైతే అటు పారినట్టు. మనుషుల అలికిడికి బెదిరి ఒక మూల గుట్టగా పడి చచ్చేవి, అందుకని అరెజ్కీ దూలానికి ఒక రేడియో కట్టాడు, పగలూ సాయంత్రం మోగుతూనే ఉండాలి, గొంతులకి అలవాటు పడతాయని. అలా ఒక చలికాలం సాయంత్రం, మేత వేస్తూ ఉంటే, రేడియోలో ఎవరో కబైలీలో మాట్లాడారు. వార్తలు కాదు, పాట కాదు. ఒక మనిషికి నూరు గొర్రెలున్నాయట, ఒకటి తప్పిపోయిందట, మిగిలినవాటిని కొండ మీద వదిలేసి దాని కోసం వెళ్ళాడట. అరెజ్కీ మేత బకెట్టు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఇంటికొచ్చి చెయ్యి కూడా కడుక్కోకుండా, "తొంభై తొమ్మిదింటిని వదిలేసి పోయాడట, నాలాంటి తిక్కవాడే" అన్నాడు. మర్నాడు అదే వేళకి మళ్ళీ వెళ్ళాడు, ఆ మర్నాడు తనని కూడా తీసుకెళ్ళాడు, ఇద్దరూ మేత బస్తాల మీద కూర్చుని విన్నారు, చుట్టూ రెండు వేల కోళ్ళు. తర్వాత తర్వాత ఎవరైనా మీకిదెలా మొదలైందని అడిగితే అరెజ్కీ ముఖం గంభీరంగా పెట్టి, "మా ఇంట్లో ముందు నమ్మింది కోళ్ళు, మేం వాటి వెనక" అనేవాడు. మెజియాన్‌కి ఆ మాటంటే ఎంత ఇష్టమో, కొత్తవాళ్ళెవరొచ్చినా చెప్పించేవాడు. తనకి మాత్రం మొదట భయమేసింది. దేవుడు తన భాషలో మాట్లాడటం ఏమిటి, వంటింట్లో తనూ అత్తా ఉప్పు ఎక్కువైందని పోట్లాడుకునే భాషలో? పిల్లని ఊపే భాషలో, మేకని అదిలించే భాషలో? అంత దగ్గరగా వచ్చిన గొంతుని ఏం చెయ్యాలో తెలియక ఆ రాత్రంతా ముఖం మీద దుప్పటి కప్పుకుంది.

బయట ఎవరో దగ్గారు. చెట్ల కింద మాటలు లోగొంతుకలో సాగుతున్నాయి, పోలీసు జీపు రేడియో ఒకసారి గరగరమని ఊరుకుంది. కాగితం ఒళ్ళో ఉంది, గాలికి లేస్తుంటే అరచెయ్యి అదిమి పెట్టింది.

కోళ్ళకి ఆ రోగం వచ్చిన వారం. సోమవారం పదిహేను కోళ్ళు, మంగళవారం రెండు వందలు, గురువారానికి షెడ్డంతా నిశ్శబ్దం, రేడియో మాత్రం మోగుతూ. ఆ నిశ్శబ్దంలో రేడియో వింటుంటే ఎంత భయంకరంగా ఉండిందో. అరెజ్కీ గొయ్యి తవ్వి సున్నం చల్లి పూడ్చాడు, మళ్ళీ పిల్లలు తెచ్చే ఓపిక లేదు. అవి ఊళ్ళు ఊళ్ళే నిద్రపోని సంవత్సరాలు, దారి కాచి మనుషుల్ని బస్సుల్లోంచి దింపి చంపుతున్న రోజులు, సాయంత్రం నాలుగయ్యేసరికి తలుపులు మూసుకునేవారు. మధ్యాహ్నం పూట వాళ్ళ వంటింట్లో అయిదుగురో ఆరుగురో చేరేవారు. తను, అరెజ్కీ, అప్పటికింకా పెళ్ళికాని మెజియాన్, పొరుగూరి ముసలి దర్జీ, అతని కూతుళ్ళు. పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్న చప్పుడులో కలిసిపోయేంత మెల్లగా ప్రార్థించేవారు. గడప మీద అత్తగారు లల్లా జుహెర్ కూర్చునేది, ఒళ్ళో చేట, చేటలో చిక్కుడుకాయలు, కన్ను వీధి మీద. ఆమె వీళ్ళ క్రైస్తవంలోకి రాలేదు, చచ్చేదాకా రాలేదు, అయిదు పూటలా నమాజు, రంజానులో ఒక్క ఉపవాసం తప్పలేదు. కాని ఎవరైనా ఆ సందులోకి వస్తే చేటని గడపకేసి ఠకఠకా కొట్టేది, లోపల అంతా మౌనం, మళ్ళీ కొడితే మొదలు. ఒకసారి దర్జీ ఉండబట్టలేక, "లల్లా, మీరు మాతో ఎందుకు కూర్చోరు?" అన్నాడు. "కూర్చుంటే కాపలా ఎవడు కాస్తాడు, నీ తాతా?" అంది. ఇంకోసారి తనతో ఒంటరిగా, చిక్కుడు ఈనె లాగుతూ, తలెత్తకుండా చెప్పింది: "ఫెర్రూజా, అరవయ్యేళ్ళుగా నేను దేవుడితో అరబ్బీలో మాట్లాడుతున్నా. ఆయనకి తెలుస్తుంది, దిగులు లేదు. నాకు తెలియదు, అంతే. మీరు మాట్లాడేది నాకు కూడా తెలుస్తోంది. అదే నాకు సిగ్గేస్తుంది, ఎవరి ఇంట్లో మాటలో చాటుగా విన్నట్టు." తను అప్పుడేం చేసిందో సరిగా గుర్తులేదు. చేటలోంచి సగం కాయలు తన ఒళ్ళోకి తీసుకుని ఈనెలు లాగి ఉంటుంది.

తర్వాత ఈ షెడ్డు. వంటిల్లు చాలడం లేదని అరెజ్కీయే అన్నాడు. మూడుసార్లు సున్నం వేశాడు, నేల సోడాతో కడిగాడు, పెళ్ళిళ్ళకి ఇచ్చే తెల్ల ప్లాస్టిక్ కుర్చీలు తెచ్చాడు, అయినా తొలి వాన పడ్డ శుక్రవారం గోడల్లోంచి కోళ్ళ వాసన గుప్పున లేచింది. మెజియాన్ ప్రార్థన ఆపి ముక్కు మూసుకుంటే అరెజ్కీ వెనకనుంచి, "మా పాత విశ్వాసులు" అన్నాడు. జనం నవ్వాపుకోలేకపోయారు, ఆ రోజిక ప్రార్థన సాగలేదు, కాఫీ తాగి ఇళ్ళకెళ్ళిపోయారు. దేశమంతటికీ సెలవు శుక్రవారమే కాబట్టి వీళ్ళు చేరేదీ ఆ రోజే. అలాంటి శుక్రవారాలు ఎన్ని. చలికాలం అందరి చేతుల్లోంచీ ఆలివ్ నూనె వాసన, వేసవిలో ఎవరో తెచ్చిన తొలి అత్తిపళ్ళు కిటికీ గట్టున, చీమలు. ఈ గోడకే నల్లబల్ల ఉండేది. వారంలో రెండు సాయంత్రాలు మెజియాన్ ఆడవాళ్ళకి అక్షరాలు నేర్పేవాడు. తనకప్పటికి నలభై ఏడు, ఎక్కడ అవసరమైనా వేలిముద్రే, వేలికి అంటిన సిరాని నడుము గుడ్డకి తుడుచుకుంటూ ఆఫీసుల్లోంచి బయటికి రావడమే. సుద్దముక్క పట్టుకుంటే చెయ్యి వణికేది, పిండి పిసికే చెయ్యి, కడవలు ఎత్తే చెయ్యి, ఇంత చిన్న ముక్కకి వణకడమేమిటని ఏడుపొచ్చేది. ఒక నెల పట్టింది తన పేరు రాయడానికి. రాసిన రోజు అరెజ్కీ వచ్చి చూసి, "ఎవరిదీ పేరు? బాగుందే" అన్నాడు. బల్ల తుడవనివ్వలేదు, వారం రోజులు అలాగే ఉంచారు, శుక్రవారం అందరూ ఆ పేరు ఎదురుగానే పాడారు.

ఆ సంతకమే అడుగుతున్నారు వాళ్ళు. ఇక్కడ నేర్చుకున్న సంతకం.

పెడితే ఏం? మెల్లగా ఆ ఆలోచనకి చోటిచ్చింది, ఇంటికొచ్చిన చుట్టానికి పీట వేసినట్టు. పెడితే ఈ కిటికీ ఉంటుంది. అరెజ్కీ రెండేసిసార్లు తట్టిన ఇటుకలుంటాయి. మధ్యాహ్నం రొట్టె కాల్చుకుని వచ్చి ఇలా కూర్చోవచ్చు, అరవై ఆరేళ్ళు, ఇంకెన్నాళ్ళు కూర్చుంటుంది? జనం ఎక్కడైనా ప్రార్థించుకుంటారు, వంటిళ్ళు లేవా, వాగు గట్టు లేదా, దేవుడికి రేకులు కావాలా? రేకులు తనకి కావాలి. లోపల ఒక మనిషి బతికిన అలికిడి తనకి కావాలి. లక్క ముద్ర పడితే ఈ గోడకి ఆనుకున్న తన ఇంట్లో పడుకుని ఇవతల ఏముందో చూడలేకుండా బతకాలి, ఎలుకలు కుర్చీలు కొరికినా, రేకు ఎగిరినా. భర్తని ఒకసారి పాతిపెట్టింది, చాలదా.

పాతిపెట్టిన రోజు గుర్తొచ్చింది, రావద్దనుకుంటూనే. నాలుగేళ్ళయింది. శవం ఇంట్లో, పెద్దలు చావడిలో. ఊరి శ్మశానంలో చోటివ్వాలా వద్దా అని. అరెజ్కీకి సొంత అన్న, దా బెలైద్, ఊరి సంఘానికి పెద్ద, మక్కా వెళ్ళొచ్చినవాడు, వంటింటి గుమ్మంలో నిలబడి, లోపలికి రాకుండా, కళ్ళు నేలకి దించి అన్నాడు: "ఫెర్రూజా, ఒక్క మాట చెప్పు చాలు. చివరి ఘడియలో వాడు మన దారిలోకి తిరిగొచ్చాడని చెప్పు. నాన్న పక్కన పెడతా వాణ్ణి. నీ నోటితో ఒక్క మాట." ఆయన గొంతులో బెదిరింపు లేదు. బతిమాలుతున్నాడు. తమ్ముణ్ణి నాన్న పక్కన పడుకోబెట్టాలని డెబ్భై ఏళ్ళ మనిషి బతిమాలుతున్నాడు. చెప్పేద్దామనుకుంది. నాలిక చివరిదాకా వచ్చింది. ఎవరికి నష్టం? పోయినవాడు వింటాడా? కాని చెప్పాక అరెజ్కీ మొహం మీది గుడ్డ తీసి ఆఖరుసారి ముద్దు పెట్టుకోవాలి, ఎలా పెట్టుకుంటుంది? "తిరిగి రాలేదు, దా బెలైద్. నేను అలా చెప్పలేను" అంది. ఆయన గుమ్మంలోంచే వెనుదిరిగి వెళ్ళిపోయాడు. చావడిలో ఏం మాట్లాడాడో ఆమెకు తెలియదు, శ్మశానం గోడ వారగా చోటిచ్చారు, నాన్నకి దూరంగా. గొయ్యి మాత్రం దా బెలైదే తవ్వాడు, ఎవరినీ పార పట్టనివ్వలేదు. ఆ తర్వాత తనతో పలకరింపు తప్ప మాట లేదు. ఈ షెడ్డులో పాటలు మొదలైన నాటినుంచి ఈనాటివరకు ఆయన ఇందులో అడుగు పెట్టనూ లేదు.

ఎంతసేపయింది? ఎండ కిటికీ గట్టు దాటి మొదటి వరస కుర్చీల మీదికి జరిగింది. సంతకం పెట్టి, మధ్యాహ్నం వచ్చి ఇక్కడ ఒక్కతే కూర్చుంటే ఎలా ఉంటుందో చూద్దామని కళ్ళు మూసుకుంది. చుట్టూ నిశ్శబ్దం, సున్నం వాసన, కొండగాలి. బాగానే ఉంది. ఉంది, ఉంది, అని తనకి తాను చెప్పుకుంటుండగా తెలిసింది, పెదాలు కదులుతున్నాయి. ఎప్పటినుంచి కదులుతున్నాయో. మా తండ్రీ అని మొదలెట్టి సగందాకా వచ్చేసింది. ఆపింది. మళ్ళీ నిశ్శబ్దంగా కూర్చుంది, మళ్ళీ అంతే. ఈ కుర్చీలో ఊరికే కూర్చోవడం ఆమెకు రాదు, ఎప్పుడూ నేర్చుకోలేదు. ఈ సంతకం పెట్టిన మొదటి మధ్యాహ్నమే అది అబద్ధమైపోతుంది, లేదా ఆమె నోరు కట్టుకుని, అరెజ్కీ కట్టిన గోడల మధ్య, రోగం తగిలిన ఆ గురువారంలా కూర్చోవాలి. నవ్వొచ్చింది. "ముసలిదానా, గోడలు కావాలని గొంతు ఇచ్చేస్తావా" అని పైకే అంది. ముందు కుర్చీ వీపు పట్టుకుని లేచింది.

బయటికి వస్తే ఎండ కళ్ళలో పొడిచింది. అధికారి జీపు దగ్గర, పక్కనే తెల్లటి శుక్రవారం బట్టల్లో దా బెలైద్. ఊరి తరఫున సాక్షి సంతకానికి పిలిపించారట. కాగితం చేత్తో సాపు చేసి, సంతకం చోటు ఖాళీగానే అధికారికి ఇచ్చింది.

"పెట్టనంటావా అమ్మా?" అన్నాడతను.

"పెట్టను బాబూ. నాకు రాయడం వచ్చు, రాక కాదు."

"నా చేతిలో ఏమీ లేదు, పైనుంచి వచ్చిన ఆర్డరు."

"తెలుసు. నువ్వు గొలుసు వెయ్యి. నీ పని నువ్వు చెయ్యి."

జనం లోపలికి వెళ్ళి కుర్చీలు ఒకదాంట్లో ఒకటి దూర్చి బయటికి మోశారు. గోడకున్న చెక్క శిలువని మెజియాన్ దింపి కోటులో చుట్టాడు. అంతా అయ్యాక అధికారి ఇంకో కాగితం తీసి దా బెలైద్ ముందు జీపు బానెట్ మీద పరిచాడు. ఆయన అద్దాలు పెట్టుకుని చదివాడు. రెండోసారి చదివాడు. "ఇక్కడ చట్టవిరుద్ధమైన పని జరిగిందని, నేను ఎరుగుదునని రాసుంది."

"అవును హాజీ. ఒక్క సంతకం."

"నేనీ షెడ్డులో అడుగు పెట్టి ఇరవై ఏళ్ళయింది."

"లోపలికి రాకపోయినా ఊరి పెద్దగా మీకు తెలిసిందే కదా."

"తెలిసింది చెప్పనా? మా దొడ్డిగోడా దీని వెనకగోడా ఒకటే. ఇరవై ఏళ్ళుగా వీళ్ళ పాటలు వింటున్నా, వద్దన్నా చెవిలో పడతాయి. ఒక్క తిట్టు వినలేదు. ఒకరి మీద ఒక దురాలోచన వినలేదు. మా ఇంట్లోంచి అంతకంటే చెడ్డ మాటలు వీళ్ళకే వినబడుంటాయి." చెట్ల కింద ఎవరో ఫక్కున నవ్వి నోరు మూసుకున్నారు. దా బెలైద్ నవ్వలేదు. "వీళ్ళ దారి నాకు నచ్చదు, మా వాడికీ అదే చెప్పా, చచ్చేదాకా చెప్పా. కాని నేరం చూశానని రాసివ్వమంటే ఇవ్వను. నేను చూళ్ళేదు." అద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు.

అధికారి కాగితం తీసుకుని, పక్కనున్న పోలీసు చేత సంతకం పెట్టించాడు. గొలుసు గలగల్లాడింది. లక్క కరిగిన వాసన, అగ్గిపుల్ల, ముద్ర. ఇంతేనా, అనుకుంది ఫెర్రూజా, ఇంత చిన్న పనా. మెజియాన్ భార్య వచ్చి ఆమె భుజం పట్టుకుంది. జీపు వాలు దిగి మలుపు తిరిగిపోయింది.

దారి మీద, కుర్చీల గుట్టల మధ్య, మూసిన తలుపు ఎదురుగా నలభై మంది నిలబడ్డారు. అప్పుడు మెజియాన్, "ఫెర్రూజక్కా, పాట మీరు మొదలెట్టండి" అన్నాడు. ఆమె నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడే కింద మసీదు మైకులోంచి మధ్యాహ్నపు పిలుపు లేచింది. అందరూ తల వంచుకుని ఊరుకున్నారు, ఆమె కూడా.

మసీదు దారి పట్టిన దా బెలైద్ ఆగి వెనక్కి చూశాడు. "ఆపేశారేం?"

"పిలుస్తున్నారుగా" అంది ఫెర్రూజా.

"అది నాకొచ్చిన పిలుపు. మీరెందుకు ఆగడం?" అన్నాడు విసుగ్గా. ఇన్నేళ్ళలో ఆమె మీద ఆయన విసుక్కోవడం అదే మొదలు, సొంతవాళ్ళని విసుక్కున్నట్టు. "కానివ్వండి, ఎండలో పిల్లలున్నారు."

ఫెర్రూజా మొదలెట్టింది. మొదటి మాట ఆమెదొక్కటే, రెండో మాటకి వెనకనుంచి మరో గొంతు కలిసింది, తర్వాత ఇంకొకటి. ఆరుబయట ఆ మాటలు ఎంత దూరం పోతాయో ఆమెకు ఇన్నేళ్ళూ తెలియదు. అవి అత్తి చెట్లు దాటి వాలు వెంట దిగిపోతున్నాయి. ఆమె కళ్ళు తెరిచే ఉంచుకుంది. శుక్రవారం నమాజుకి ఏనాడూ ఆలస్యంగా పోని ఆ తెల్లబట్టల మనిషి, చేతులు వెనక కట్టుకుని, మలుపు దాకా చాలా నెమ్మదిగా నడిచాడు.